చుక్క లేని ఠ

తాడిపత్రిలో పాలిష్ మిషన్లు ఆగితేనే
మా బడి గంట వినపడేది.
కరెంటు పోయిన పూట పిల్లలు ఎక్కువొస్తారు.
అట్లాంటి పూటే వచ్చినాడు దైతారి,
మోకాళ్ల దాకా రాతి బురద ఎండి
తెల్ల సాక్సులు తొడుక్కున్నట్టు.

ఆధార్‌లో జిల్లా నువాపడా. టీసీ లేదు.
వయసెంత అంటే వాళ్ల నాయన
నేల మీంచి చెయ్యెత్తి, ఇంత, అని చూపించినాడు.
ఆ ఎత్తుకు ఐదో తరగతి అని రాసుకున్నా.

అప్పటికే వానికి తెలుగు వచ్చు.
ముందు బూతులు, ట్రాక్టరు ఓబులేసు దగ్గర.
తర్వాత అంకెలు, లోడు ఎత్తేటప్పుడు.
"ఇంకొంచెం పెట్టక్కా" అనడం ఉగ్గాని బండి కాడ.
"మెల్లగ", "పగుల్తాది", "వేలు జాగర్త"
ఈ మూడూ ఎవరూ నేర్పలేదంట,
చిన్నాయన చూపుడువేలు పోయిన రోజు
షెడ్డంతా అరుస్తుంటే వచ్చేసినాయంట.

నేను మాత్రం అ, అమ్మ కాడ మొదలుపెట్టినా.

బోర్డు మీద "బండ" అని రాసి చదవమన్నా.
"బఠడ" అన్నాడు.
క్లాసు పగలబడి నవ్వింది.
సున్న రా అది.
కాదు మేడం, ఠ.
నాలుగు దినాలు ఇదే పంచాయితీ.
గంప, గంట, మంట, ప్రతి సున్న కాడా
బండి గుంతలో పడ్డట్టు ఆగి,
ఠ అని ఒక్క ఊపుతో దాటేవాడు.
మొండోడు అనుకున్నా.
ప్రోగ్రెస్ కార్డులో ఆ మాటే రాసినా.

వారం రాకపోతే షెడ్డుకు పోయినా.
వాలుగా నిలబెట్టిన నల్లబండ మీద
ఆరిన పిండిలో వేలితో రాస్తున్నాడు.
ఎదురుగా చెల్లెలు కుని, దాని చంకలో తమ్ముడు.
అ ఆ ఇ ఈ మావే.
పక్కన ఒక్కటి మాత్రం వాళ్లది.
గుండ్రంగా. తలకట్టు లేదు, నడుమ చుక్క లేదు.

"మా ఊర్లో రెండో తరగతి దాకా చదివినా మేడం.
అన్నీ మర్చిపోయినా.
మా అక్షరాలకు నెత్తిన గొడుగులుంటాయి,
ఎవరి గొడుగు ఎవరిదో కలిసిపోయింది.
దీనికి గొడుగు లేదు. అందుకే ఇదొక్కటి మిగిలింది.
ఇది ఠ."

ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
ఒక పిల్లోని మొత్తం ఆస్తికి
ఎర్ర పెన్నుతో తప్పు కొట్టినా.

బడికెందుకు రాలేదని అడగాలని పోయినదాన్ని,
అడగకుండానే చెప్పినాడు.
పెద్దాసుపత్రిలో అమ్మ నొప్పి చెప్పేది వాడే.
"బథా అంటే నొప్పి మేడం. కానీ అంతే చెబితే చాలదు.
గుంజేదా, మండేదా, పొడిచేదా అంటాది నర్సమ్మ.
మన పుస్తకంలో నొప్పి ఒకటే ఉంది."

చదరపు అడుగులు కూడా ఆ పొద్దే నేర్చుకున్నా,
ఏండ్ల తరబడి చార్టు మీద చెప్పినదాన్ని.
బండ మీద జాన పరుచుకుంటా పోయి
విరిగిన మూల కాడ ఆగినాడు.
"ఇది లెక్కలోంచి తీసెయ్యాల.
మోసినోనికి మాత్రం బరువు తీసెయ్యరు."

మంచం మీంచి వాళ్లమ్మ లేచి
పక్కనున్న బండను కొంగుతో తుడిచి
"ఏఠి" అంది నా వైపు చూసి.
ఏటంటాంది రా?
"ఏటి కాదు, ఏఠి. ఇక్కడ అని.
కూర్చోమంటాంది."

కూర్చున్నా. రాయి ఇంకా వేడిగా ఉంది.

కరెంటొచ్చింది. ఓబులేసు పైపు వదిలినాడు.
మావి నాలుగు, వాళ్లది ఒకటి
కలిసి పాలై కాలువలోకి జారినాయి.
కుని ఏడవలేదు.
బండ ఆరేదాకా కాచుకోవడం దానికి తెలుసు.

సోమవారం వచ్చినాడు, తల దువ్వుకొని.
బోర్డు మీద అదే మాట.
"బండ" అన్నాడు, గడగడా,
దారిలో అసలు గుంతే లేనట్టు.
పిల్లోళ్లు చప్పట్లు కొట్టినారు.
వాడు నా దిక్కు చూసినాడు, ఒప్పే కదా అన్నట్టు.

ఒప్పే.
చాక్‌పీసు పట్టుకొని ఆ సున్న కాడ
ఈసారి నేను ఆగిపోయినా.